తుప్పు పట్టిన గానుగకి రేటు కట్టేదెవరు?

పొద్దున ఏడు కూడా కాలేదు, మామయ్య ఫోన్. "అల్లుడూ, పాత ఇనుప సామాన్లాయన ట్రాలీ ఆటో పెట్టుకుని గేటు కాడ నిలబడ్డడు, ట్రాక్టర్ కాక కొట్టం ఎనక ఉన్నదంతా కలిపి 18 వేలు ఇస్తా అంటుండు, ఇచ్చేయాల్నా?" అని. నేనేమో ఉప్పల్ రింగురోడ్డు కాడ ఆఫీసు క్యాబ్ కోసం నిలబడి ఉన్నా, నిద్రమత్తు ఇంకా దిగలేదు, కానీ ఆ కుప్పలో ఏమేం ఉన్నాయో గుర్తొచ్చేసరికి మొత్తం దిగిపోయింది. జహీరాబాద్ దగ్గర ఊరు, ఒకప్పుడు చుట్టూ చెరుకే, కాబట్టి ఎడ్లతో తిప్పే బీడు (పోత ఇనుము) గానుగ ఒకటి, బావి మీది ఆయిల్ ఇంజన్ ఒకటి, మోట బొక్కెన, దాని గిరక, రెండు బండి చక్రాలు, ఇనుప నాగలి, బెల్లం వండే పెనం, ఇంకా ఇంట్లో ఎవరికీ పేరు తెలియని రెండు చక్రాల బండి లాంటిది ఒకటి, వీటన్నిటికీ పెద్దదిక్కులాగా కాస్త అవతల చింతచెట్టు కింద తాత కొన్న హెచ్‌ఎంటీ ట్రాక్టర్. "మామా వద్దు, ఆయనకి చాయ్ తాపి పంపించెయ్, ఆదివారం నేనొస్తా" అన్నా.

ఆ ఒక్క ఆదివారం కాస్తా ఆరేడు ఆదివారాలు అయ్యింది. మధ్యలో రాణీగంజ్‌లో పాత ఇంజన్ల పార్టులు అమ్మేవాళ్ళని అడిగా, గురువారం జుమ్మెరాత్ బజార్ తిరిగా, ఎర్రగడ్డ సంతలో ఎండకి మాడిపోయా, బాలానగర్‌లో బీడు పోత పోసే ఒక పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చున్నా. సిటీలో ఉద్యోగం చేసుకుంటూ ఊర్లో ఇలాంటి కుప్ప వదిలేసుకున్నవాళ్ళు నాకు తెలిసే పదిమంది ఉన్నారు, వాళ్ళందరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఒక మాట. ఇలాంటి సామానుకి ఒక రేటు అంటూ ఉండదు, కనీసం నాలుగు ఉంటాయి, నాలుగూ నలుగురు వేర్వేరు మనుషుల జేబుల్లో ఉంటాయి. పాత సామాన్లాయనకి అది కిలోలు. మెకానిక్‌కి అది పార్టులు, అంటే గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) బాగుందా, పంపు బాగుందా, మిగతాది ఆయనకి అక్కర్లేదు. మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్ కట్టుకున్నాయనకి అది అందం, పనిచేస్తే ఎంత చేయకపోతే ఎంత. పాత యంత్రాలు పోగేసే పిచ్చి ఉన్నవాడికి, అంటే కలెక్టర్‌కి, పేరు, నంబరు, ఎక్కడ నుంచి వచ్చింది అనే కథ. చిక్కు ఎక్కడంటే వీళ్ళలో ఒకడి కోసం మనం చేసే పని ఇంకొకడి దగ్గర రేటు చంపేస్తుంది. ఫామ్‌హౌస్ ఆయనకి నచ్చుతుందని నిగనిగలాడే నల్ల పెయింట్ కొట్టామనుకోండి, కలెక్టర్ అటువైపు చూడను కూడా చూడడు. పార్టుల కోసం విప్పితే ఇక ఫామ్‌హౌస్ ఆయనకి పనికిరాదు. పాత సామాన్లాయన సుత్తితో రెండు దెబ్బలు వేశాడంటే ఇక మిగతా ముగ్గురికీ దండం పెట్టేయడమే. అందుకే ఏ జేబు కోసం అమ్ముతున్నామో తేలేదాకా దాని మీద చెయ్యి వేయకుండా ఉండటమే మంచిది, నేను మొదటి ఆదివారమే ఇనుప బ్రష్ కొనుక్కుని వెళ్ళినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

అన్నిటికంటే కింద ఉండే రేటు కిలోల రేటే, కాబట్టి ముందు అది తేల్చుకోవాలి, ఆ లెక్క చేతిలో లేకుండా ఎవరితో బేరం ఆడినా గుడ్డిగా ఆడినట్టే. దీనికి కాంటా కూడా అక్కర్లేదు, టేపు చాలు. బీడు సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 7.2 గ్రాములు, స్టీలు అయితే 7.85. మా గానుగకి మూడు నిలువు రోలర్లు, ఒక్కోటి 20 సెంటీమీటర్ల అడ్డం, 25 ఎత్తు. పదో క్లాసు ఫార్ములా వేస్తే ఒక్కోటి 56 కిలోలు పైన, మూడు కలిపి 170 దాకా, పైన కింద ఫ్రేము ఇంకో 80 వేసుకుంటే 250. కిలో 30 చొప్పున అనుకున్నా (ఈ రేటు వారం వారం మారుతుంది, మీరు అమ్మే రోజు కనుక్కోండి) గానుగ ఒక్కటే 7,500. ఆయిల్ ఇంజన్ రెండు ఫ్లైవీల్స్‌తో (పక్కన తిరిగే బరువైన చక్రాలు) కలిపి 300 కిలోలకి పైనే, అదో 9 వేలు. అంటే ఆయన చెప్పిన 18 వేలల్లో 16,500 ఈ రెండిటికే అయిపోయింది, మిగతా ఏడెనిమిది వస్తువులూ పదిహేను వందలకి. మామయ్యకి ఈ లెక్క గోడ మీద బొగ్గుతో రాసి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ పాత సామాన్లాయన్ని ఉద్దేశించి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇంకొకటి, పాత సామాన్ల వాళ్ళకి అసలు లాభం ఇనుములో ఉండదు, దాని కడుపులో ఉంటుంది. గానుగ ఇరుసులు తిరిగే చోట గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) బుష్‌లు ఉంటాయి, ఇంజన్‌కి ఇత్తడి కాక్‌లు, రాగి ట్యూబులు, పాత ట్రాక్టర్ రేడియేటర్‌లో రాగి, ఇత్తడి. ఇత్తడి, గన్‌మెటల్ కిలో ధర ఇనుముకి పది రెట్లకి పైనే. వాటిని ఇనుము కింద తూకం వేయించుకుని తీసుకుపోతారు, తప్పు పట్టడానికి కూడా లేదు, వాళ్ళ వ్యాపారమే అది. మీరు చేయాల్సింది ఒక్కటే, అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి, అది అంటుకోని చోటల్లా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి.

ఇప్పుడు తుప్పు సంగతి. జనం ముందు భయపడేది దీనికే, అసలు రేటు తగ్గించేది మాత్రం చాలాసార్లు ఇది కాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది, తుప్పు రకాన్ని బట్టి అసలు ఇనుము ఉన్న చోటు కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టులు రాయిలా బిగుసుకుపోయేది అందుకే, రెండు రేకుల మధ్య తుప్పు చేరితే రివెట్లు తెగిపోయేదీ అందుకే. కానీ దీనికి ఇంకో వైపు చూడండి, పైన మిల్లీమీటరు మందాన పెచ్చులు కట్టి భయంకరంగా కనిపిస్తుంటే లోపల పోయిన ఇనుము అందులో సగమో, ఆరో వంతో. రెండు అంగుళాల మందం ఉన్న గానుగ ఫ్రేముకి అది దోమ కుట్టినట్టు. అదే మోట బొక్కెన రేకుకైతే చావుదెబ్బ, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మాది జల్లెడలా చుక్కలు కనిపించాయి.

కాబట్టి తుప్పు ఎక్కడ ఉంది అనేది చూసుకోవాలి. బరువు మోసే మందపాటి చోట ఉంటే వదిలేయండి. ఒకదానితో ఒకటి రాసుకుంటూ తిరిగే చోట, అంటే సిలిండర్ లోపల, క్రాంక్ షాఫ్ట్ మీద, పళ్ళ చక్రాల పళ్ళ మీద గుంటలు పడితే మెకానిక్ రేటు సగానికి పడిపోతుంది. రంగు కూడా కొంచెం చెప్తుంది, ముదురు గోధుమ రంగులో, నలుపు కలిసి, గోరుతో గీకినా రాలకుండా ఉంటే అది చాలా ఏళ్ళుగా నిలకడగా ఉన్న తుప్పు, నారింజ రంగులో పొడిలా చేతికి అంటుతుంటే ఇప్పుడు కూడా తింటోందని, అక్కడ నీళ్ళు నిలుస్తున్నాయని.

తుప్పు కంటే ప్రమాదం పగులు. బీడు వంగదు, పగులుతుంది, పగిలాక మామూలు వెల్డింగ్ పట్టదు, మొత్తం వేడి చేసి నికెల్ రాడ్‌తో జాగ్రత్తగా చేయాలి, అందరికీ రాదు. బాలానగర్ పెద్దాయన చెప్పిన పరీక్ష మన ఆడవాళ్ళు కుండ కొనేటప్పుడు చేసేదే, చిన్న సుత్తితో మెల్లగా తట్టి వినడం. ఖంగుమంటే బాగున్నట్టు, బోలుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టు. చలి దేశాల్లో పాత ఇంజన్ బ్లాకులు ఎక్కువగా పగిలేది లోపల నీళ్ళు గడ్డకట్టి, మనకి ఆ బాధ లేదు. మన బాధ వేరే, బావి నీళ్ళల్లో సున్నం. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళతోనే ఇంజన్‌ని చల్లబరిచారు కాబట్టి సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్ళ ఖాళీలో తెల్లగా రాయి కట్టేసి ఉంటుంది, చెయ్యి పెట్టి చూస్తే కానీ తెలియదు, చెయ్యి పెట్టేముందు తేలు ఉందేమో చూసుకోండి, నాకు కనిపించింది.

ఇక ఇంజన్. మామయ్య చిన్నప్పటి నుంచి దాన్ని "లిస్టర్ ఇంజన్" అంటాడు, ఊరంతా అలాగే అంటుంది, ఇంగ్లండ్ నుంచి ఓడ మీద వచ్చిందని తాత చెప్పేవాడట. అసలు లిస్టర్ కంపెనీ ఇంగ్లండ్‌లో డర్స్లీ అనే ఊర్లోది, 1930 ప్రాంతంలో వాళ్ళు తెచ్చిన ఇంజన్ నిమిషానికి 600, 650 తిరుగుళ్ళతో నింపాదిగా డుగ్ డుగ్ డుగ్ అని నడిచేది, అలా నెమ్మదిగా తిరగడం వల్లే అరుగుదల తక్కువ, దశాబ్దాలు బతికేది. ఆ డిజైన్ మన దేశంలో ఎంతగా ఇంకిపోయిందంటే గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో చిన్న చిన్న ఫౌండ్రీలు దాన్నే చూసి పోత పోసి రకరకాల పేర్లతో దేశమంతా అమ్మాయి. కాబట్టి ఊర్లో లిస్టర్ అన్నదల్లా లిస్టర్ కాదు, వనస్పతిని అందరూ డాల్డా అన్నట్టే. మాది కూడా కిరోసిన్ గుడ్డతో తుడిస్తే పోతలో "రాజ్‌కోట్" అని తేలింది. మామయ్య మొహం చూడాలి అప్పుడు.

అంటే విలువ లేదనా? కాదు. డర్స్లీది అయితే కలెక్టర్లు వెతుక్కుంటూ వస్తారు, రాజ్‌కోట్‌ది అయితే కలెక్టర్ జేబు మూసుకుంటుంది కానీ మెకానిక్ జేబు తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, ఒకదాని పార్టు ఇంకోదానికి పడుతుంది. నీళ్ళు తోడటానికి మాత్రం ఎవరూ కొనరు, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, డీజిల్ పోసి డుగ్ డుగ్ అనిపించుకునే అవసరం ఎవడికుంది. ఏ యంత్రానికైనా విలువ పోయేది ముందు పని పోయినప్పుడు, ఆ తర్వాతే మనం దాన్ని వానలో వదిలేస్తాం, తుప్పు చివర్లో వస్తుంది. మనం మాత్రం వెనక నుంచి చదువుకుని తుప్పు వల్ల పాడైంది అనుకుంటాం.

ఇంజన్ బిగుసుకుపోయి ఉంటే ఫ్లైవీల్‌కి గడ్డపార పెట్టి తిప్పే పని చేయొద్దు, మా చిన్నోళ్ళు చేయబోతే ఆపా. ఇంజెక్టర్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి వారాల తరబడి అలా వదిలేయాలి, రోజూ ఫ్లైవీల్‌ని చేత్తో అటూ ఇటూ కదిపి చూస్తూ. మాది ఇరవై రెండో రోజు వేలెడంత కదిలింది, మామయ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మరీ చెప్పాడు, అదేదో మనవడు నడక నేర్చినట్టు. కదిలే ఇంజన్‌కి, కదలని ఇంజన్‌కి రేటులో తేడా చాలా ఉంటుంది, ఎందుకంటే కదలనిదాన్ని కొనేవాడు లోపల అన్నీ పోయాయి అనుకునే రేటు చెప్తాడు.

వయసు కనుక్కోవడం నాకు అన్నిటికంటే సరదాగా అనిపించిన పని. ఇంట్లో వాళ్ళని అడిగితే "నిజాం కాలం నాటిది" అంటారు, మన దగ్గర కొంచెం పాతగా కనిపించిన ప్రతిదీ నిజాం కాలం నాటిదే. ఇత్తడి ప్లేటు మీద చాలాసార్లు తయారీ ఏడాది ఉండదు, కానీ అడ్రస్ ఉంటుంది కదా, అడ్రసే పట్టిస్తుంది. పిన్‌కోడ్ ఉందా? అయితే 1972 ఆగస్టు 15 తర్వాతదే, మనకి పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు. పూనా అని ఉందా, పుణె అని ఉందా, 1978లో అధికారికంగా మారింది. బొంబాయి 1995లో ముంబై అయ్యింది, మద్రాసు 1996లో చెన్నై. కంపెనీలు పాత ప్లేట్లు అయిపోయేదాకా వాడుతూనే ఉంటాయి కాబట్టి పాత పేరు ఉంది అంటే కచ్చితంగా పాతది అని కాదు, ఇంగ్లీషులో కొత్త పేరు ఉంటే మాత్రం ఆ ఏడాదికి ముందుది కాదని దాదాపు ఖాయం.

ప్లేటు లేకపోతే (చాలావరకు ఉండదు, ఇత్తడి కదా, మొదట దొంగలు పట్టుకుపోయేది అదే) బోల్టులు చూడండి. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1956 చట్టంతో వచ్చి 1958 నుంచి 1962 మధ్యలో దశలవారీగా అమల్లోకి వచ్చాయి. అంతకు ముందువి ఇంగ్లీషు విట్‌వర్త్ మరలు, వాటి పళ్ళ కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌వి 60, కాబట్టి ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కదు, మిల్లీమీటర్ల పానాలు వాటి తలకి సరిగ్గా కూర్చోవు, జారిపోతాయి. మా గానుగకి 14 పానా వదులు, 13 పట్టలేదు, అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నలుచదరం తలలున్న బోల్టులు, వెల్డింగ్ అనేదే లేకుండా మొత్తం రివెట్లతో కట్టిన ఫ్రేము, ఇవి కూడా పాతదనానికి గుర్తులే.

ఇలాంటి ఇనుప గానుగలు మన దేశంలో మొదట 1870ల్లో బీహార్‌లోని బీహియా అనే చోట తయారయ్యాయి, అంతకు ముందు రాయివో కర్రవో ఉండేవి. తర్వాత ఊరూరా ఫౌండ్రీలు అదే నమూనా పోశాయి, మాది అలాంటి ఏదో ఊరు పేరు లేని పోతే. ఇనుప నాగలికి మాత్రం మంచి కథ ఉంది. కిర్లోస్కర్ వాళ్ళు 1903లో ఇనుప నాగలి తెచ్చినప్పుడు, ఇనుము తగిలితే నేల విషం అవుతుందని రైతులు ముట్టుకోలేదట, మొదటి నాగళ్ళు అమ్ముడుపోవడానికి రెండేళ్ళు పట్టిందట. మా నాగలి దుంగ మీద మట్టి కింద ఆ పేరు కనిపించేసరికి ఎగిరి గంతేశా, తర్వాత తెలిసింది దశాబ్దాల పాటు లెక్కలేనన్ని పోశారని, కాబట్టి పేరు ఒక్కటే చాలదు. పేరు, దానితో పాటు అన్ని భాగాలూ అసలువే ఉండటం, రెండూ కలిస్తేనే కలెక్టర్ నోరు తెరుస్తాడు. మాదానికి పిడి ఎవరో తర్వాత కాలంలో నీళ్ళ పైపుతో వెల్డింగ్ చేయించారు, అక్కడితో ఆ కథ అయిపోయింది.

మధ్యలో పక్కింటాయన వచ్చి తన దగ్గరున్న కర్రు చూపించి "ఇది కోనసముద్రం ఉక్కు" అన్నాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా కత్తుల కోసం వెళ్ళిందన్నది నిజమే, కానీ అంత ఖరీదైన ఉక్కుని మట్టిలో దున్నడానికి ఎవరు వాడతారు చెప్పండి. ఆయనకి ఈ మాట చెప్పలేదు, పెద్దమనిషి, ఊరికే బాధపడతాడు.

ఇప్పుడు పేరు తెలియని రెండు చక్రాల బండి. ఇనుప ఫ్రేము, రెండు టైర్లు, మధ్యలో నలుచదరపు కడ్డీ ఒకటి అడ్డంగా, దాన్ని పైకి కిందకి దించే లివర్. పాత సామాన్లాయన దాన్ని లెక్కలోనే వేసుకోలేదు, ఊరికే ఇచ్చేయమన్నాడు. రెండో ఆదివారం పటాన్‌చెరు వైపు పనిచేసి రిటైర్ అయిన ఒకాయన చూసి చెప్పాడు, అది ట్రాపికల్టర్ అని. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) మొదలయ్యాక, నల్లరేగడి నేలల్లో వానాకాలం పంట తీయడానికి వెడల్పు మడులు, మధ్యలో కాలువలు చేసే పద్ధతి ఒకటి పెట్టారు, దానికోసం ఎడ్లతో లాగే ఈ బండిని వాడారు. ఫ్రెంచ్ ఇంజనీర్ జాన్ నోల్ డిజైన్ దీనికి మూలం. ఆ అడ్డ కడ్డీకి నాగలి తగిలించుకోవచ్చు, గొర్రు తగిలించుకోవచ్చు, అన్నీ తీసేసి పైన చెక్కలు పరిస్తే సామాన్ల బండి. ఆలోచన బ్రహ్మాండం, కానీ ధర ఎక్కువ, బరువు ఎక్కువ, రైతులు పెద్దగా తీసుకోలేదు. ఊర్లో జనానికి అందుకే దాని పేరు కూడా తెలియదు. పనికిరాకుండా పోయిన యంత్రం కాబట్టి తక్కువ మిగిలాయి, తక్కువ మిగిలాయి కాబట్టి మా కుప్ప మొత్తంలో కథ ఉన్నది అదొక్కటే. తుప్పు కూడా దానికే ఎక్కువ.

బండి చక్రాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లు, హైవే దాబాలు, రిసార్టులు, అందరికీ గోడకి ఆనించడానికి ఒక చక్రం కావాలి. ఇనుప పట్టా వదులైనా పర్వాలేదు, ఆకులు అన్నీ ఉండాలి, చెద పట్టి ఉండకూడదు, మేకు గుచ్చితే దిగిపోతే వదిలేయండి. షాపులో చక్రానికి 15 వేల ట్యాగ్ చూసి మనదీ 15 వేలు అనుకోవద్దు, ఆయన మన దగ్గర కొనేది అందులో మూడో వంతుకో ఇంకా తక్కువకో, షాపు అద్దె, పాలిష్, ఏడాది పాటు అమ్ముడుపోకుండా కూర్చోవడం అన్నీ ఆ ట్యాగ్‌లోనే ఉంటాయి. ఇంటర్నెట్‌లో విదేశాల రేట్లు చూసి లెక్కలేసుకునే వాళ్ళకీ ఇదే మాట, అక్కడ కనిపించేది అమ్మేవాడు అడిగే రేటు, కొన్న రేటు కాదు, పైగా 250 కిలోల బీడుని ఓడ ఎక్కించే ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు.

ఈ గిరాకీ వల్ల దొంగ పాతవి కూడా తయారయ్యాయి. కొత్త ఇనుముకి ఉప్పు నీళ్ళు, యాసిడ్ కొట్టి వారంలో తుప్పు పట్టించేస్తారు. పట్టుకోవడం తేలికే, అసలు పాతదానికి అరుగుదల అన్ని చోట్లా ఒకేలా ఉండదు, చెయ్యి పట్టుకున్న చోట నున్నగా, తాడు రాసుకున్న చోట గాడి పడి, ఇరుసు తిరిగిన చోట ఒక వైపే అరిగి ఉంటుంది. మా మోట గిరకకి మోకు రాసుకుని పడిన గాడి వేలు దూరేంత లోతు ఉంది, ఆ గాడి ఏ యాసిడ్‌తోనూ రాదు. దొంగదానికి తుప్పు మాత్రం పెళ్ళికి కొట్టిన సున్నంలాగా మొత్తం సమానంగా ఉంటుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువుకి వందేళ్ళు దాటితే అది పురావస్తువు కింద రావచ్చు, అలాంటిదాన్ని మామూలు మనుషులు దేశం బయటకి పంపడానికి లేదు, వాటి వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి. గానుగలాంటివి ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది ఉండదు. మన కుప్పల్లో చాలావరకు వందేళ్ళు నిండనివే, నిండాయని నిరూపించడమూ కష్టమే. ఇంకొకటి, పొలం తవ్వుతుంటే భూమిలోంచి ఏదైనా బయటపడితే అది వేరే లెక్క, దానికి 1878 నాటి చట్టం ఉంది, పది రూపాయలకి మించిన విలువ ఉంటే కలెక్టర్‌కి చెప్పాలి, ఈ కలెక్టర్ అంటే యంత్రాలు పోగేసేవాడు కాదు, జిల్లా కలెక్టర్.

శుభ్రం చేయకుండా ఉండలేని వాళ్ళ కోసం, అంటే నా కోసం. మట్టి, జిడ్డు మాత్రం కిరోసిన్, నైలాన్ బ్రష్‌తో తీయొచ్చు, దానివల్ల ఎవరి దగ్గరా రేటు పోదు. చిన్న భాగాలకి తుప్పు తీయాలంటే చెరుకు ప్రాంతంలో చేతికందే మందు మొలాసిస్, పశువుల దాణాకి అమ్మేదే. ఒక వంతు దానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి డ్రమ్ములో రెండు మూడు వారాలు నానబెడితే తుప్పు కరిగిపోతుంది, మంచి ఇనుము దాదాపు అలాగే ఉంటుంది. కంపు మాత్రం భరించలేం, అత్తమ్మ ఆ డ్రమ్ముని కొట్టం అవతలికి జరిపించింది. అల్యూమినియం భాగాలు అందులో వేయొద్దు, తినేస్తుంది. తుప్పు ఉంచుతూనే ఆపాలంటే కరక్కాయ కషాయం, అందులో ఉండే టానిన్ తుప్పుతో కలిసి నల్లటి పొరగా మారుతుంది, పూర్వం సిరా చేసిన పద్ధతే ఇది. పైన అవిసె నూనె పలచగా రాస్తే చాలు. యాంగిల్ గ్రైండర్ మాత్రం ముట్టుకోవద్దు. అన్నట్టు తుప్పు గీసుకుంటే ధనుర్వాతం అంటారు కదా, ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటుంది, తుప్పులో కాదు, కానీ కొట్టం వెనక మూడూ ఒకే చోట ఉంటాయి కాబట్టి ధనుర్వాతం టీకా వేయించుకునే వెళ్ళండి.

చివరికి అందరూ మర్చిపోయే లెక్క ఒకటుంది, అది మోత. జహీరాబాద్ నుంచి సిటీకి వంద కిలోమీటర్లు, పికప్ బండి కిరాయి, ఇంజన్ ఎత్తాలంటే హైడ్రా క్రేన్, దించే చోట ఇంకో హైడ్రా, నలుగురు మనుషులు, వాళ్ళ భోజనాలు. 20 వేల వస్తువుకి 9 వేలు మోతకే పోతే దాదాపు కిలోల రేటుకి ఇచ్చేసినట్టే. అందుకే మేము గానుగ అమ్మేటప్పుడు ఒక్కటే షరతు పెట్టాం, వచ్చి చూసుకుని మీ ఖర్చుతో తీసుకెళ్ళండి అని. శంకర్‌పల్లి దగ్గర ఫామ్‌హౌస్ ఆయన 22 వేలకి తీసుకున్నాడు, బుష్‌లతో సహా, ఒక్క బోల్టు విప్పకుండా. మోట బొక్కెనకి ఒక రిసార్ట్ వాళ్ళు 1,500 ఇస్తామన్నారు, అందులో పూల మొక్క పెడతారట, మామయ్యకి కోపం వచ్చింది, "మా నాయన భుజాలు పోయినయి దానితోని" అని లోపల పెట్టించాడు, బెల్లం పెనం అత్తమ్మ వడియాలకి తీసుకుంది. ఇంజన్‌కి మెకానిక్ 14 వేలు అన్నాడు, ఇంకా తేల్చలేదు, కదిలింది కదా, ఇప్పుడు మామయ్యకి అది స్టార్ట్ అవుతుందేమో చూడాలని ఉంది. ట్రాపికల్టర్‌కి ఫోటోలు తీసి నలుగురికి పంపా, ఎవరూ రేటు చెప్పలేదు, ఇద్దరు మాత్రం వచ్చి చూస్తామన్నారు.

ట్రాక్టర్ మిగిలింది. హెచ్‌ఎంటీ వాళ్ళు చెకొస్లొవేకియా కంపెనీ జెటార్ సహకారంతో 1971లో మొదలుపెట్టిన 25 హెచ్‌పీ రకం, ఆ ట్రాక్టర్ల డివిజన్ మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది కాబట్టి ఇక కొత్తవి రావు, దానిమీద ప్రేమ ఉన్నవాళ్ళు ఉన్నారు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఆర్సీతో సరిపోయాయి, గేర్‌బాక్స్‌లో నీళ్ళు చేరలేదు, బానెట్ కూడా అసలుదే. అంతా చూసి సంతోషపడ్డాక ఆర్సీ మడత విప్పితే అది తాత పేరు మీదే ఉంది, తాత పోయి పదకొండేళ్ళు, వారసులు నలుగురు, ముగ్గురి సంతకాలు దొరికాయి. నాలుగో ఆయన చిన్న మామయ్య డల్లాస్‌లో ఉంటాడు, మనకి పగలు అయితే ఆయనకి రాత్రి, ఆయనకి పగలు అయితే మీటింగు. దాని సీటు కింద ప్రస్తుతం ఒక కోడి పొదిగి కూర్చుంది, ఏడు గుడ్లు.